పండగ మనది, సెలవు ఎవరిది?

ప్రతి డిసెంబరులో మన ఊర్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల సరుకు తిరుగుతాది. ఒకటి, వచ్చే యేడాది సెలవుల జీవో. ఏ పండగ ఏ వారం పడినాది, ఎన్ని సెలవులు ఆదివారంలో కలిసిపోయినాయి అని టీచర్లు, గుమాస్తాలు లెక్కలేసుకుంటారు. రెండోది, చదువుకుంటామని ఇంగ్లండు పోయిన మన పిల్లోళ్లు పెట్టే రీల్స్. వీధుల నిండా దీపాలు, పెద్ద క్రిస్మస్ చెట్టు, మంచు, ఎర్ర టోపీలు. కింద కామెంట్లు చూస్తే ఒకటే పాట. "వాళ్లకు యేడాది పొడుగునా పండగలే అన్నా, మనకేముండాది, శెనక్కాయ చేను, సంగటి ముద్ద."

ఇంకో పక్క పెద్ద కంపెనీల పెద్దమనుషులు వేరే పాట పాడతాండారు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి పిల్లోళ్లు వారానికి 70 గంటలు పని చెయ్యల్లన్నాడు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ దాన్ని 90 గంటలు చేసినాడు, ఆదివారం కూడా రప్పించుకోలేకపోతాండానే అని బాధపడినాడు. అదే యేడాది జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో దినానికి 9 గంటల హద్దును 10 గంటలకు పెంచేదానికి ఒప్పుకునింది. వారానికి 48 గంటలే కదా, అది మార్చలేదు కదా అంటారు. సరే. "మనోళ్లకు సెలవులెక్కువ, పని తక్కువ, తెల్లోళ్లు చూడు ఎట్ల పైకొచ్చినారో" అనే మాట మాత్రం టీవీ నుంచి మన రచ్చకట్ట దాకా వచ్చి కూర్చునింది.

ఈ రెండు పాటల్లో ఏది నిజమో తెలుసుకోవల్లంటే, తెల్లోళ్ల యేడాదిని ఒకసారి విప్పి చూడల్ల.

ఇంగ్లండు, వేల్సులో మామూలు యేడాదికి సర్కారు సెలవులు 8. అంతే. జనవరి 1. గుడ్ ఫ్రైడే, దాని ఎనకాలే ఈస్టర్ సోమవారం. మే నెల మొదటి సోమవారం, అదే నెల ఆఖరి సోమవారం. ఆగస్టు ఆఖరి సోమవారం. డిసెంబరు 25న క్రిస్మస్, 26న బాక్సింగ్ డే. స్కాట్లాండులో మామూలుగా 9, ఉత్తర ఐర్లండులో 10. యూరప్‌లో ఇంత తక్కువ సెలవులుండే దేశాలు కొన్నే. మన రాష్ట్రం జీవోలో ఇరవైకి పైనే ఉంటాయి.

అయితే పెద్దమనుషులే గెలిచినట్లా? ఆగండి. లెక్క ఇంకా అయిపోలేదు.

ముందు పండగల సంగతి. అక్కడ పండగ వేరే, సెలవు వేరే. ఈస్టర్ ముందు ఉపవాసాలు మొదలయ్యేదానికి ముందునాడు మంగళవారం ఇంటింటా దోసెల మాదిరి పాన్‌కేకులు పోసుకుంటారు. సెలవు లేదు. అక్టోబరు 31న పిల్లోళ్లు దెయ్యాల వేషం కట్టి ఇండ్లెంబడి మిఠాయిలు అడుక్కుంటారు. సెలవు లేదు. రాజు పుట్టిన దినం ఇంకా తమాషా. చార్లెస్ పుట్టింది నవంబరు 14న. కానీ నవంబరులో చలి, వాన కదా, ఊరేగింపుకు బాగుండదని జూన్‌లో ఒక శనివారం సర్కారు లెక్కన పుట్టినరోజు చేస్తారు. సైన్యం కవాతు, విమానాలు, గుర్రాలు అన్నీ ఉంటాయి. దానికీ సెలవు లేదు.

నవంబరు 5 కథ మనోళ్లకు బాగా అర్థమయితాది. 1605లో కొందరు కాథలిక్కులు పార్లమెంటు కింద గదిలో 36 పీపాల మందుగుండు పెట్టి, రాజుతో సహా అందరినీ లేపేద్దామని చూసినారు. కాపలా ఉన్న గై ఫాక్స్ దొరికిపోయినాడు. మరుసటి యేడాది పార్లమెంటు ఒక చట్టం చేసింది, ప్రతి యేడాదీ ఆ దినం దేవునికి దండం పెట్టుకోవల్లని. పండగ చెయ్యమని చట్టం! 1859 దాకా ఆ చట్టం బతికింది. ఇప్పటికీ ఆ రాత్రి ఊరూరా పెద్ద మంటలు, మన దీపావళి మాదిరి టపాకాయలు. తెల్లారితే మామూలుగా డ్యూటీకి పోతారు.

మరి ఆ ఎనిమిది సెలవులు ఎట్లొచ్చినాయి? దేవుడు ఇయ్యలేదు, రాజు దయతో ఇయ్యలేదు. మిల్లులు రాకముందు ఇంగ్లండులో కూడా సేద్యం, చేతిపనులు. సెయింట్ల పేరు మీద పండగలు బోలెడు. నేతగాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు ఆదివారం తాగి, సోమవారం పనికి రాకుండా ఉండేవాళ్లు. దానికి 'సెయింట్ సోమవారం' అని ఎకసెక్కంగా పేరు కూడా పెట్టుకున్నారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు ఒకప్పుడు యేడాదికి 33 దినాల దాకా మూసేది. ఆవిరి యంత్రం వచ్చినాక ముదలారులకు దినం విలువ తెలిసొచ్చినాది. 1834కు వచ్చేసరికి ఆ బ్యాంకు సెలవులు 4కు పడిపోయినాయి. పండగలు తగ్గించినోళ్లు వాళ్లే, మల్ల "పని సంస్కృతి" అని మనకు పాఠం చెప్పేది వాళ్ల శిష్యులే.

1871లో సర్ జాన్ లబ్బక్ అనే ఎంపీ బ్యాంకు సెలవుల చట్టం తెచ్చినాడు. ఆయనే ఒక బ్యాంకరు. చీమల మీద, తేనెటీగల మీద పరిశోధన చేసి పుస్తకం రాసినోడు కూడా. ఆ చట్టం ఈస్టర్ సోమవారం, వసంతంలో ఒక సోమవారం, ఆగస్టు మొదటి సోమవారం, బాక్సింగ్ డే సెలవులుగా పెట్టింది. పేరుకు బ్యాంకులకే. బ్యాంకు మూస్తే హుండీ, ప్రాంసరీ నోటు ఆ దినం చెల్లించే పని లేదు, మరుసటి దినం కడితే చాలు. యాపారం ఆగితే అంగడి మూస్తారు, మిల్లూ మూస్తారు. అట్ల సందులో నుంచి సెలవు కూలోళ్ల దాకా వచ్చినాది. జనాలు సంతోషం పట్టలేక ఆగస్టు సోమవారానికి 'సెయింట్ లబ్బక్ దినం' అని పేరు పెట్టినారు. దేవుళ్ల పేరున పోయిన పండగ బ్యాంకరు పేరున తిరిగొచ్చిందన్న మాట.

ఆయనే 1886లో ఇంకో చట్టం తెచ్చినాడు. 18 యేండ్ల లోపు పిల్లోళ్ల చేత అంగళ్లలో వారానికి 74 గంటలకు మించి పని చేయించరాదని. 74 గంటలంటేనే ఘోరం, చిన్న పిల్లోళ్ల నడుములు ఇరిగిపోతాండాయని ఆ కాలంలో చేసిన చట్టం అది. మన ఎల్ అండ్ టీ పెద్దాయన అడిగింది 90.

బాక్సింగ్ డే అంటే ముష్టియుద్ధం కాదు. క్రిస్మస్ నాడు దొరల ఇంట్లో వంట చేసి, వడ్డించి, పాత్రలు తోమిన పనోళ్లకు మరుసటి దినం ఒక డబ్బాలో బట్టో, దుడ్లో, మిగిలిన తిండో పెట్టి ఇంటికి పంపేవాళ్లు. ఆ డబ్బా పేరే ఆ దినానికి వచ్చింది. అంటే పండగ నాడు పని చేసినోనికి పండగ మరుసటి దినం. స్కాట్లాండులో అయితే క్రిస్మస్ నాడే మామూలు జనాలు పనికి పోయేవాళ్లు. అక్కడ అది అందరి సెలవైంది 1958లో. ఇంగ్లండులో జనవరి 1 సెలవైంది 1974లో. మే నెల మొదటి సోమవారాన్ని 1978లో లేబర్ పార్టీ సర్కారు కార్మికుల దినంగా ఇచ్చింది. నిన్న మొన్నటి సంగతులు. 'వాళ్ల సంప్రదాయం' అని మనం నోరు తెరుచుకొని చూసేదాంట్లో సగం మన నాయన వయసు కూడా లేదు.

ఆగస్టు సెలవు గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతా. రెండో యుద్ధం అయినాక బస్సులు తోలేదానికి, ఆస్పత్రుల్లో సేవ చేసేదానికి కరీబియన్ దీవుల నుంచి నల్లజాతి జనం లండన్ పోయినారు. 1958లో వాళ్ల మీద దాడులు జరిగినాయి. మరుసటి యేడాది క్లాడియా జోన్స్ అనే కమ్యూనిస్టు ఆడమనిషి, పత్రిక నడిపే ఆమె, ఒక హాల్లో వాళ్ల కార్నివాల్ పెట్టింది. 1966 నుంచి నాటింగ్ హిల్ వీధుల్లోకి వచ్చినాది. ఇప్పుడు ఆగస్టు సెలవంటే లండన్లో ఆ డప్పుల జాతరే గుర్తొస్తాది. దొరల బ్యాంకు సెలవును కూలికి పోయినోళ్లు తమ దేవరగా మార్చుకున్నారు.

ఇప్పుడు అసలు లెక్క. ఇంగ్లండులో ఆ 8 దినాలు కచ్చితంగా సెలవియ్యల్లని కంపెనీలకు చట్టం లేదు. బ్యాంకు సెలవు నాడు పనికి రమ్మని పిలవొచ్చు, ఎక్కువ కూలి ఇయ్యకపోవచ్చు. అది ఒప్పంద పత్రంలో ఏం రాసుకున్నారో దాని ప్రకారం. కానీ ఇంకో చట్టం ఉండాది. పని చేసే ప్రతి మనిషికి యేడాదికి 5.6 వారాలు, అంటే వారానికి ఐదు దినాలు పని చేసేటోనికి 28 దినాలు, జీతంతో సెలవు. బ్యాంకు సెలవులు దాంట్లో కలిపినా కలపకపోయినా 28కి తగ్గకూడదు. హోటల్లో పాత్రలు కడిగేవానికీ అంతే లెక్క. గంటల లెక్కన పిలిచినప్పుడు పోయే పనోనికి కూడా, చేసిన గంటల మీద 12.07 శాతం సెలవు కింద జమ అయితాది. క్యాలెండర్లో ఎర్ర అక్షరాలు తక్కువ, మనిషి చేతిలో దినాలు ఎక్కువ. లెస్టర్‌లో దీపావళికి వీధులు కిటకిటలాడతాయి, దానికి సర్కారు సెలవు లేదు. మనోళ్లు ఆ 28లో నుంచి ఒక దినం తీసుకొని దీపాలు పెడతారు.

మన పిల్లోళ్లు అక్కడికి పోయేటప్పుడు ఈ సంగతి ఏ కన్సల్టెన్సీ వాడూ చెప్పడు. స్టూడెంటు వీసా మీద పోయినోళ్లకు కాలేజీ నడిచే వారాల్లో వారానికి 20 గంటలే పని. క్రిస్మస్ నాడు రైళ్లు నడవవు, లండన్ మెట్రో నడవదు, పెద్ద అంగళ్లు తెరవరాదని 2004 చట్టం. రైలు డ్రైవరుకూ పండగే. కానీ ముసలోళ్ల ఆశ్రమాల్లో, గోడౌన్లలో, చిన్న అంగళ్లలో పని ఆగదు. ఆ పనికి మిగిలేది ఎవరు? ఇంటికి పోను దారి లేనోడు, అంటే మనోడు. రీల్‌లో దీపాలు చూపించిన పిల్లోడు మరుసటి దినం బాక్సింగ్ డే తగ్గింపు అమ్మకాల గోడౌన్లో పెట్టెలు మోస్తాంటాడు. మోయడం తప్పు కాదు. ఆ గంటల మీద 12.07 శాతం వచ్చిందా లేదా అని జీతం స్లిప్పు చూసుకోకపోతేనే తప్పు.

ఆ దేశం నుంచి ఈ లెక్కలు మన గడ్డకు ఎట్లొచ్చినాయో చూద్దాం. 1800లో నిజాం మన జిల్లాలను కుంఫిణీకి ఇచ్చేసినాక థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి అనంతపురంలోనే కాపురం పెట్టినాడు. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోతే ముందు పూడ్చింది గుత్తిలోనే. ఆయన మీద అభిమానంతో పిల్లోళ్లకు మన్రోలప్ప అని పేర్లు పెట్టినారంటారు. ఆయన మంచోడే కావొచ్చు, కానీ ఆయన తెచ్చిన క్యాలెండరు కిస్తుల క్యాలెండరు. పంట వచ్చినా రాకున్నా తేదీకి శిస్తు. మార్చి ఆఖరు సంగతి కూడా అంతే. ఇంగ్లండు సర్కారు లెక్కల సంవత్సరంతో కలపల్లని 1867లో ఏప్రిల్ 1ని మన దేశానికీ లెక్కల ఉగాది చేసినారు. ఇప్పటికీ మార్చి వచ్చిందంటే బ్యాంకు వాళ్లు రెన్యువల్ రెన్యువల్ అని ఫోన్లు. ఆ నెలలో మన చేన్లో ఏముంటాది? గాలికి లేచే దుమ్ము.

సెలవులూ అదే దోవలో వచ్చినాయి. లబ్బక్ చట్టం వచ్చిన పదేండ్లకు, 1881లో, మన దేశంలో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం వచ్చినాది. నోట్లు, హుండీలు, చెక్కుల చట్టం. దాని 25వ సెక్షన్‌లో సెలవంటే ఏందో రాసినారు. మొదట రాసినప్పుడు ఆదివారం, కొత్త సంవత్సరం, క్రిస్మస్, గుడ్ ఫ్రైడే పేర్లు ఉండె. ఉగాది పేరు లేదు, మొహర్రం పేరు లేదు. అవి ప్రకటిస్తే వచ్చేటివి. ఈపొద్దుకూ బ్యాంకులకు పండగ సెలవు ప్రకటించేది ఆ చట్టం కిందే. జీవో చివర్లో ఆ పేరు ఎప్పుడన్నా చూసినారా?

ఇంక ఆదివారం. అది దొరలు ఇచ్చిందనుకుంటారు చానామంది. బొంబాయి మిల్లుల్లో తెల్లారుజాము నుంచి చీకటి పడేదాకా, వారానికి ఏడు దినాలు పని. నారాయణ మేఘాజీ లోఖండే, జోతిరావు ఫూలే శిష్యుడు, 1884 నుంచి అర్జీలు పెట్టి, సభలు పెట్టి, ఏండ్లకేండ్లు కొట్లాడితే 1890 జూన్ 10న మిల్లు యజమానులు వారానికి ఒక దినం, ఆదివారం, వదిలినారు. 90 గంటల పెద్దాయన వాపసు అడుగుతాండేది ఆ ఆదివారాన్నే.

ఇప్పుడు రాప్తాడుకు వద్దాం. మా పక్క యేడాదికి వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అదీ పడితే. పండగలకేమీ కరువు లేదు. ఏరువాక పున్నమికి ఎద్దులకు కొమ్ములు రంగు పూసి, పొలి చల్లుకొని సేద్యం మొదలుపెట్టేది. మొహర్రంకు నార్పల పక్కన గూగూడు కుళ్లాయిస్వామి దగ్గర కులం మతం లేకుండా జనం. ఈ యేడాది అది జూన్ ఆఖర్లో, సరిగ్గా విత్తనం కాలంలో పడతాది. దసరా, శెనక్కాయ పెరుకుడు, సంక్రాంతి, ఉగాదికి ఓళిగలు, మరుసటి దినం యాట, ఎండాకాలంలో ఊరి దేవర. ఇవన్నీ మనవే. వీటిల్లో జీవోలో ఎర్ర అక్షరమైనవి కొన్ని. ఆ ఎర్ర అక్షరాలు పని చేసేది ఎవరికి? మండలాఫీసుకు, బ్యాంకుకు, బడికి. చేన్లో కూలికి పోయే ఆడమనిషికి పండగంటే ఆ దినం కూలి పోయినట్లు, ఖర్చు మీద పడినట్లు, ఇంట్లో పని రెట్టింపైనట్లు. మూడు దెబ్బలు. నెల జీతమోనికి ఆదివారం జీతంలోనే ఉంటాది. దినకూలోనికి ఆదివారం కోత.

పాత కాలంలో మా పక్క చానా ఊర్లల్లో సోమవారం ఎద్దులకు కాడి కట్టేవాళ్లు కాదు. బసవన్న దినం అని. ఇంగ్లండు నేతగాళ్లకు ఒక సోమవారం ఉండేది, మన ఎద్దులకు ఒక సోమవారం ఉండేది. ఎద్దు సోమవారం పడుకునేది, కాసేవాడు మాత్రం గడ్డి కోసుకొని రావల్ల. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చినాక ఆ సోమవారం కూడా పాయె.

ఈ మధ్య కొత్త రకం సెలవు ఒకటి వచ్చినాది. 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం తీసేసి దాని జాగాలో కొత్త చట్టం చేసినారు. 100 దినాలు 125 చేసినామని చాటింపు. దాంట్లోనే, విత్తనాలు, కోతల కాలంలో మొత్తం 60 దినాల దాకా పని ఆపెయ్యొచ్చని రాసినారు. రైతులకు కూలోళ్లు దొరకల్ల కదా అని సాకు. కాల్వల కింద వరి పండే జిల్లాలకు ఆ మాట ఏమన్నా పనికొస్తాదేమో. వాన రాని జూలైలో రాప్తాడులో చేన్లో పనేది? ఆడ పని లేదు, ఈడ పని ఆపినారు. అరవై దినాలు సెలవు, పైసా కూలి లేకుండా. జీవోల్లో ఇంత పెద్ద పండగ ఇంకోటి లేదు.

అందుకే పిల్లోళ్లు హైవే ఎక్కుతాండారు. 2019లో పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్లు బయటికి వచ్చినప్పటి నుంచి ఈ దోవంబడి కంపెనీ బస్సులు పెరిగినాయి. ఇంకా దూరమంటే బెంగుళూరు, బేల్దారి పని, సెక్యూరిటీ, డెలివరీ. కాంట్రాక్టరు వచ్చి జీతమెంతో చెప్తాడు, రూములో ఎంతమందో చెప్తాడు. సెలవు గురించి మనమూ అడగం, వాడూ చెప్పడు. పిల్లోళ్లు అప్పుడప్పుడు జీతం స్లిప్పులు తెచ్చి చూపిస్తాంటారు, పండగకు ఊరికొచ్చిన రెండు దినాలు కోసేసినారన్నా అని. కోసింది చట్టమేనా అంటే నోరు తెరుస్తారు.

చట్టం ఏమంటాదంటే, ఫ్యాక్టరీలు, సంస్థల జాతీయ, పండగ సెలవుల చట్టమని మన రాష్ట్రానికి 1974 నుంచి ఒకటుంది. జాతీయ దినాలు, కొన్ని పండగ దినాలు జీతంతో సెలవియ్యల్ల. ఆ దినం పని చేయిస్తే రెట్టింపు కూలన్నా ఇయ్యల్ల, కూలితో పాటు ఇంకో దినం సెలవన్నా ఇయ్యల్ల. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చినామంటాండే కేంద్రం లేబర్ కోడుల్లో కార్మికులను దెబ్బతీసేవి చానా ఉండాయి, దాని మీద ఇంకోసారి రాస్తా. కానీ దాంట్లోనే మనం పట్టుకోవల్సినవి కొన్ని ఉండాయి. ప్రతి పనోనికి నియామక పత్రం ఇయ్యల్ల. వారానికో దినం సెలవు. హద్దు దాటిన ప్రతి గంటకు రెట్టింపు కూలి. యేడాదిలో 180 దినాలు పని చేస్తే, చేసిన ప్రతి 20 దినాలకు ఒక దినం జీతంతో సెలవు. 10 గంటలు పని చెయ్యమన్నోణ్ని ఈ నాలుగూ అడగల్ల. ఇంగ్లండోని 28 దినాల పక్కన ఇది చిన్నదే. ఆ చిన్నదాన్నే అడిగేవాడు లేడు.

డెలివరీ పిల్లోళ్లకు ఇది కూడా లేదు. వాళ్లను 'పార్ట్‌నర్' అంటారు కాబట్టి పనోడు కాదంట. పండగొస్తే ఆర్డర్లెక్కువ, ఆ దినం ఇంటికి పోతే ఇన్సెంటివ్ పాయె. 2025 డిసెంబరు 25న, మల్ల 31న, హైదరాబాదులోని తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్‌తో సహా దేశంలో డెలివరీ పిల్లోళ్లు యాప్‌లు ఆపేసి సమ్మె చేసినారు. తేదీలు చూడండి. సరిగ్గా ఊరంతా తిని తాగే దినాలు. లండన్లో క్రిస్మస్ నాడు రైలు ఆగితే డ్రైవరుకు సెలవు. మన దగ్గర పండగ నాడు పని ఆపల్లంటే దాని పేరు సమ్మె.

ఇంకో చిన్న తేడా కూడా చెప్పల్ల. ఇంగ్లండులో సెలవు దినం శనివారమో ఆదివారమో పడితే, దాన్ని వదిలెయ్యరు, తర్వాత వచ్చే పని దినానికి జరుపుతారు. 2026లో బాక్సింగ్ డే శనివారం పడతాది, సెలవు 28వ తేదీ సోమవారం ఇచ్చినారు. మనకు ఈ యేడాది శివరాత్రి ఫిబ్రవరి 15, దీపావళి నవంబరు 8. రెండూ ఆదివారమే. రెండూ నీళ్లలో కలిసినట్లే. "సెలవులెక్కువ" అనే పెద్దమనుషులు ఎర్ర అక్షరాలు లెక్కపెట్టేటప్పుడు వీటిని తీసేస్తారా? చేన్లో, బేల్దారి పనిలో, బైకు మీద ఉండేవాళ్లను తీసేస్తారా? అట్ల తీసేసి, జీతంతో కూడిన దినాలు మాత్రమే లెక్కపెట్టి చూడమనండి, ఏ దేశమోడు ఎక్కువ దినాలు ఇంటికాడ ఉంటాడో.

ఈసారి ఉగాది మార్చి 19, గురువారం. మరుసటి దినం యాట. బుధవారం సాయంత్రం బెంగుళూరు బస్సులన్నీ కిక్కిరిసి రాప్తాడు దగ్గర ఆగుతాయి. దిగినోళ్లలో ప్రతి కంపెనీకి ఒకరిని పట్టుకొని కూర్చోబెట్టి ఒక కాగితం మీద రాయండి. ఎక్కడ పని, నియామక పత్రం ఉందా, గురువారం జీతం ఉందా కోతా, శుక్రవారం ఉందా కోతా, పోయిన యేడాది జీతంతో ఎన్ని దినాలు ఇంటికాడ ఉన్నారు. పేర్లు వద్దు, వాళ్ల ఉద్యోగాలకు మోసం రాకూడదు. ఊరికొక కాగితం చాలు. ఆ కాగితాలన్నీ కలిపి అనంతపురం లేబర్ ఆఫీసులో ఏప్రిల్ మొదటి వారంలోనే ఇద్దాం, వాళ్ల కొత్త లెక్కల సంవత్సరం మొదలయ్యేటప్పుడే.